వాలు నేల వైభోగం

ఇంటి నేల సమంగా ఉండాలని పట్టుబట్టేవాళ్లంతా జీవితంలో ఎత్తుపల్లాలు చూడనివాళ్లు! నా మాట నమ్మండి, వంకర నేలంతటి వరం మరొకటి లేదు.

మా హాలే చూడండి. నిమ్మకాయ జారిపడితే దానంతటదే దొర్లుకుంటూ టీవీ బల్ల కిందికి పోతుంది. పెన్ను, మందుబిళ్ల, రూపాయి బిళ్ల, ఏది పోయినా అక్కడే. ఇంత క్రమశిక్షణ గల ఇల్లు మీకుందా?

ఈ సుఖంలో నిప్పులు పోసింది ఓ చేపల తొట్టి. మా ఆవిడ ఆరేళ్లుగా బిడ్డల్లా సాకుతున్న నాలుగు గోల్డ్‌ఫిష్‌లు అరచేయంత అయ్యాయి. పాత తొట్టిలో మసలలేకపోతున్నాయని ఐదడుగుల అక్వేరియం, దానికో స్టాండు తెప్పించింది. నాలుగు వందల లీటర్ల నీళ్లు! దుకాణం అతను వెళ్తూ వెళ్తూ నాకో మాట చెప్పాడు.

"ఖాళీ తొట్టి మీద రసమట్టం పెట్టి చూసుకోండి సార్. బుడగ మధ్యలో నిలవకపోతే నీళ్లు పొయ్యొద్దు. బరువంతా ఒక మూలకి పోతే అద్దాల అతుకు విడిపోతుంది."

రసమట్టమా? నాకు రెండు కళ్లున్నాయి! మా బావమరిదికి మరో రెండు. "నేను చూశాగా బావా, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు వాడు, సోఫాలోంచి లేవకుండానే. బకెట్లకు బకెట్లు పోశాం. ఒక చివర నీళ్లు అంచుకి రెండు వేళ్ల దూరంలో, రెండో చివర నాలుగు వేళ్ల దూరంలో నిలిచాయి. వాడు అట్టముక్కను నాలుగు మడతలు పెట్టి, సందు కనిపించిన స్టాండు కాలి కింద కుక్కి చేతులు దులుపుకున్నాడు.

నష్టమేంటి చెప్పండి? చేపలకి ఓ పక్క లోతు, ఓ పక్క మెరక! ఈ సౌకర్యం సముద్రంలో ఉచితంగానే దొరుకుతుందనుకోండి, అది వేరే విషయం.

మూడో రోజు పొద్దున, ఒలికిన నీళ్లకి నానిన అట్ట చితికిపోయింది. తొట్టి మూల 'టిక్' మంది. అతుకు వెంబడి సన్నటి చెమ్మ దిగింది.

"నా చేపలు చచ్చిపోతాయండీ!" అంటూ మా ఆవిడ వాటిని బకెట్‌లోకి మార్చి, మగ్గుతో నీళ్లు తోడటం మొదలుపెట్టింది. నేను మాత్రం వాదన వదల్లేదు. కాస్త కారితే కుండీల్లో మొక్కలకి మంచిదేగా అన్నాను. ఆవిడ చూసిన చూపు ఇక్కడ రాయలేను.

ఫోన్ చేస్తే దుకాణం అతను పరుగున వచ్చాడు. ఖాళీ స్టాండు మీద రసమట్టం పెట్టాడు. బుడగ ఓ చివరకి పరిగెత్తింది. స్టాండు జరిపి రసమట్టాన్ని నేలమీదే పెట్టాడు. అదే తంతు.

"స్టాండులో దోషం లేదు సార్. అగ్గిపుల్ల మందం తేడా అయితే కింద ప్లాస్టిక్ చీలికలు పెట్టి సరిచేసేవాణ్ని. ఇది అంగుళమున్నర! నేల మళ్లీ వేయించాల్సిందే. అసలీ ఫ్లాటు చూసి ఒప్పుకున్నదెవరండీ?"

మా ఆవిడ బీరువాలోంచి ఫైలు తెచ్చింది. బిల్డర్ ఫ్లాట్లు అప్పగించిన నాటి కాగితం. 'నేలలన్నీ రసమట్టంతో పరీక్షించాం, సమంగా ఉన్నాయి.' కింద అసోసియేషన్ సెక్రటరీ సంతకం. నలభై ఎనిమిది ఫ్లాట్లకీ అదే సంతకం. బిల్డర్ ఏసీ గదిలో కూర్చుని, కాఫీ చల్లారేలోపు గీకేసింది.

ఆ సెక్రటరీకి పెళ్లయి ఇరవై రెండేళ్లు. పెళ్లాం చేపల బకెట్ పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉంది.

"ఒక్క ఇంట్లోనైనా వంగి చూశారా?" అని అడిగింది.

పాఠకులారా, ఏం చెప్పమంటారు? మా నేల వంకరని నేనొప్పుకుంటే, మిగతా నలభై ఏడు ఇళ్లవాళ్లూ రేపు రసమట్టాలు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడరూ?