పుప్పాలగూడ బంద్ బ్రహ్మాండంగా జరిగిన వైనం

హైటెక్ సిటీలో శాంతిభద్రతలు కాపాడుతున్నది పోలీసులు కాదు, లాప్‌టాప్ బ్యాగు! కాదంటారా? అది భుజానికి తగిలించుకుని ఒక్కసారి రాయి విసిరి చూడండి. రాయి ముందుకు పోతుంది, మీరు వెనక్కి పడతారు!

కుర్రకారు ఎక్కువైన దేశంలో కొట్లాటలు ఎక్కువవుతాయని పెద్ద చదువులవాళ్లు లెక్కలు కట్టి మరీ భయపెడుతున్నారు. పాపం, వాళ్లెప్పుడూ పొద్దున పూట సైబర్ టవర్స్ చౌరస్తాకు వచ్చినట్టు లేదు. అంత కుర్రకారు ఇంకెక్కడైనా ఉందా? ఒకరి బంపర్‌ను మరొకరి బంపర్ ముద్దాడుతున్నా కిందికి దిగి కాలర్ పట్టుకునే తీరిక ఒక్కరికీ ఉండదు. చెవుల్లో మీటింగ్ నడుస్తుంటుంది మరి!

తిరుగుబాటు చేయాలన్నా లీవు పెట్టాలి. లీవు పెడితే మేనేజరు కారణం అడుగుతాడు. ‘తిరుగుబాటు’ అని రాస్తే అప్రూవ్ చేస్తాడా?

ఈ రహస్యం లింగమూర్తికి ఆలస్యంగా తెలిసింది.

లింగమూర్తి అంటే పుప్పాలగూడలో బంద్‌ల లింగమూర్తి. ఇప్పుడు అరవై దాటాయి గానీ, వయసులో ఉన్నప్పుడు ఆయన బాలానగర్‌లో ఈల వేస్తే పటాన్‌చెరు దాకా షట్టర్లు వాటంతటవే దిగిపోయేవట. ఆయన రాయి ఎత్తితే చాలు, అది తగలకముందే బస్సు అద్దాలు జడుసుకుని పగిలిపోయేవట! నమ్మకపోతే ఆయన దోస్తు పోచయ్యను అడగండి. ఇంకో రెండు బస్సులు కలిపి చెబుతాడు.

అంతటి లింగమూర్తికి ఈసారి కార్పొరేటర్ టికెట్ కావాలి. పార్టీ పెద్దలు ఆయన్ను కిందికీ మీదికీ చూసి ఒక్కటే అడిగారు.

“నీ వెనుక యూత్ ఉన్నదా? ఉంటే ఒక బంద్ చేసి చూపెట్టు. లేకుంటే టికెట్ ఇంకొకలకు పోతది.”

యూత్‌కేం కరువు? ఆయన ఒకప్పుడు జొన్న వేసిన చేలోనే ఇప్పుడు టవర్లు మొలిచాయి. కిటికీకో కుర్రాడు, బాల్కనీకో అమ్మాయి! హాస్టల్ గోడలన్నిటికీ లింగమూర్తి ఫ్లెక్సీలు కట్టించాడు. ‘మన పిల్లల కొలువులకు భరోసా ఏది? సోమవారం బంద్!’ అక్షరాలకన్నా ఆయన మీసాలే పెద్దగా కనిపించాయి.

కుర్రాళ్లు చూశారు. చూసి ఎగిరి గంతులేశారు! ఆయనతో సెల్ఫీలు దిగారు. ఒకడైతే కాళ్లకు దండం పెట్టి, “అన్నా, సోమవారం పెట్టినవు చూడు, నువ్వు దేవునివే!” అన్నాడు. లింగమూర్తి గుండె ఉప్పొంగింది. విప్లవం వచ్చేసిందనే అనుకున్నాడు.

వచ్చింది విప్లవం కాదు, కంపెనీల మెయిలు. ‘బంద్ కారణంగా అందరూ ఇంటి నుంచే పనిచేయండి.’

సోమవారం తెల్లారేసరికి పాత టైరుతో, మైకుతో లింగమూర్తీ పోచయ్యా చౌరస్తాలో నిలబడ్డారు. ఆపుదామంటే బస్సు లేదు. మూయిద్దామంటే తెరిచిన దుకాణం లేదు. ఒక్క కుక్క మాత్రం వచ్చి, టైరును వాసన చూసి, తన పని తాను కానిచ్చుకుని పోయింది. ఇక ఆ టైరు అంటుకుంటుందా!

టీవీ విలేకరి మైకు ముందుకు చాపాడు. “యూత్ ఎక్కడ సార్?”

పోచయ్య తడుముకోలేదు. “ఇండ్లల్ల ఉన్నరు! గంత పక్కాగ బంద్ పాటిస్తున్నరు!”

లింగమూర్తి గొంతెత్తి నినాదం మొదలుపెట్టాడో లేదో, నడుముదాకా ఆఫీసు చొక్కా, కింద నిక్కరుతో ఉన్న కుర్రాడు బాల్కనీలోంచి వంగాడు.

“అన్నా, జర మెల్లగ! క్లయింట్ లైన్‌ల ఉన్నడు!”

పోలీసు లాఠీలకు కూడా ఆగని ఆ గొంతు టక్కున ఆగిపోయింది. చూశారా, వర్క్ ఫ్రమ్ హోమ్ మహిమ! ఆ రోజు ట్రాఫిక్‌లో పోవలసిన గంటలు కూడా పనిలోనే పడ్డాయి. కంపెనీలు మురిసిపోయాయి. రోడ్డు మీద ఈగ కూడా వాలలేదని పార్టీ పెద్దలూ మురిసిపోయారు. “ఇంకొక్క బంద్ చెయ్యి. ఈసారి యూత్ రోడ్డు మీద కనబడాలె. టికెట్ నీదే” అని ఫోన్ చేశారు.

ఆ సంతోషంలో ఇంటికి వచ్చిన లింగమూర్తికి అన్న కూతురు ప్రవళిక వరండాలో ఎదురైంది. ఆమెదీ హైటెక్ సిటీలోనే ఉద్యోగం. ఒళ్లో లాప్‌టాప్ మూసి ఉంది.

“ఏంది బిడ్డా, అప్పుడే లాగౌట్ అయినవా?”

“నేను కాలే చిన్నాయనా. వాళ్లే చేసిండ్రు.”

టీమ్ మొత్తాన్ని ఒకే వీడియో మీటింగ్‌లో తీసేశారట. టీ చల్లారేలోపు అయిపోయిందట. అరుద్దామంటే అందరి మైకులూ ముందే ఆపేసి ఉన్నాయి. ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా కూర్చుని, అలవాటు కొద్దీ చాట్‌లో ‘థాంక్యూ’ అని కొట్టారట. ఎంత ప్రశాంతత! ఒక్క అద్దమైనా పగిలిందా? పెద్ద చదువులవాళ్లు ఇది కదా రాసుకోవాలి!

లింగమూర్తి మైకు కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు. ప్రవళికే అడిగింది.

“మళ్ల బంద్ ఎప్పుడు చిన్నాయనా?”

“ఎందుకు బిడ్డా? ఇంట్ల కూసొని పని చేసుకుందమనా?”

“ఇంక పని యాడిది? ఈసారి రోడ్డు మీదికే వస్తం. మా టీమంత, పక్క టీమంత. అందరం ఖాళీనే. కొలువులకు భరోసా ఏదని ఫ్లెక్సీల రాపిచ్చినవు గద! ఇన్నేండ్లు లీడర్‌వి, ఆ భరోసా ఏదని ముందుగాల నిన్నే నిలేసి అడుగుదమనుకున్నం.”

లింగమూర్తి మెడలోని కండువా తీసి నుదురు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. చెప్పులు వేసుకుని తిన్నగా పోలీస్ స్టేషన్‌కు నడిచాడు.

“సార్, వచ్చే సోమవారం పుప్పాలగూడల బంద్‌కు పర్మిషన్ ఇయ్యకుండ్రి. మీకు దండం పెడత!”

ఇన్‌స్పెక్టర్ తలెత్తాడు. “ఎవరయ్యా చేసేది?”

“నేనే సార్.”

“నువ్వు చేసే బంద్‌కు నీకేం భయం? నీ వెనుక యూత్ ఉన్నదట గదా!”

లింగమూర్తి ఒకసారి గుమ్మం వైపు తిరిగి చూసి, గొంతు తగ్గించాడు.

“గదే సార్ నా ఫికర్. ఇప్పుడు నిజంగనే ఉన్నది!”