పౌడరు రాయని ఉదయం

ఆ ఉదయం ఆమె పథకం చాలా చిన్నది. చడీచప్పుడూ లేకుండా వెళ్ళి రొమ్ము పరీక్ష చేయించుకుని, మధ్యాహ్నానికల్లా ఏమీ జరగనట్టు కళ్ళజోళ్ళ దుకాణంలో తన కౌంటరు వెనక నిలబడాలి.

నలభై దాటింది, ఈ పరీక్ష మొదలుపెట్టమని డాక్టరు చెప్పి మూడేళ్ళయింది. వచ్చినవాళ్ళందరికీ ఏడాదికోసారి కళ్ళు చూపించుకోండని చెప్పే నోటితోనే రెండుసార్లు ఫోను చేసి రద్దు చేసుకుంది. ఆమెకు జబ్బంటే కాదు భయం, జబ్బు లేదని తెలిసేదాకా ఉండే ఆ కాస్త సేపంటే. ఇవాళ కూడా తప్పితే మళ్ళీ తనకు తానే దొరకదని ఆమెకు తెలుసు.

ఇంట్లో చెప్పలేదు. భర్త బీమా సర్వేయరు. వంగిన బంపరు చూసి డ్రైవరు ఎటు చూస్తూ నడిపాడో చెప్పేస్తాడు. ఇంట్లోనూ అదే ఉద్యోగం. ఆమె రెండుసార్లు దగ్గితే మూడో దగ్గుకి ముందే నివేదిక తయారు.

స్కానింగ్ సెంటర్ వాళ్ళు చెప్పినవన్నీ పాటించింది. నెలసరి అయిన మరుసటి వారమే రోజు తీసుకుంది, అప్పుడైతే నొప్పి తక్కువట. పైనా కిందా విడివిడిగా ఉండే బట్టలు వేసుకుంది. గొలుసు తీసి అద్దం దగ్గర పెట్టింది. సెంటు, పౌడరు జోలికి పోలేదు.

"మొహం అలా ఉందేం?" అన్నాడు భర్త.

"ఎలా ఉంది?"

పౌడరు లేని ఆ మొహంతో ఆయనకు పరిచయం తక్కువ. జవాబు వెతుక్కునే లోపే "వెళ్తున్నా" అని ఆమె గడప దాటింది.

సెంటర్‌లో తన వంతు కోసం కూర్చున్న కాసేపటికి తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది. వెనక చంకలో దిండుతో భర్త.

"వీడేమన్నా అన్నాడా? చెప్పు, ఇక్కడే కడిగేస్తాను" అంది అత్తగారు.

"నిన్న పెళ్ళిరోజుకి సెంటు సీసా ఇచ్చాను. మూతైనా తీయలేదు" అన్నాడాయన, సాక్ష్యాలు పేరుస్తూ. "ఇవాళ పౌడరు లేదు. గొలుసు లేదు. పైగా 'వెళ్తున్నా' అన్నావు, 'వెళ్ళొస్తా' అనలేదు."

"తొందరలో అన్నానండీ."

"తొందరలోనే నిజాలు బయటపడతాయి. నా సర్వీసంతా చూశాను. ముందు అలిగావనుకున్నా. దుకాణంలో అడిగితే పూట సెలవు పెట్టావన్నారు, మమ్మల్ని వదిలేశావనుకున్నా. స్కానింగ్‌కి వెళ్ళిందని వాళ్ళే చెప్పేసరికి..." ఆయన దిండు మరో చంకలోకి మార్చాడు. "ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నావు?"

"ఏమీ లేదు. ఏమీ లేదని తెలుసుకోవడానికే వచ్చాను."

"ఏమీ లేకపోతే ఇక్కడికెవరైనా వస్తారా?"

"ఏమీ లేనప్పుడే రావాలట."

ఆయన దిండు వంక చూసుకున్నాడు. దాన్ని ఏ ఆధారంతో తెచ్చాడో ఆయనకే అంతుపట్టలేదు.

"అవన్నీ తర్వాత. ఇంతమందిలో వట్టి మొహంతో కూర్చుంటావా?" అంటూ అత్తగారు సంచీలోంచి పౌడరు డబ్బా తీసింది. "వద్దత్తయ్యా" అనేలోపు మొహం, మెడ, గుండెల దాకా తెల్లబడిపోయాయి.

సరిగ్గా అప్పుడే టెక్నీషియన్ బయటికొచ్చి నిలబడిపోయింది.

"పౌడరు వద్దని చెప్పాం కదమ్మా."

"ఇప్పుడే పడింది."

"బొమ్మలో ఈ పౌడరు తెల్లచుక్కల్లా కనబడితే మేం లేనిపోని అనుమానపడాలి. శుభ్రంగా కడుక్కుని తుడుచుకుని రండి. ఈలోగా ఇంకొకరిని పిలుస్తాను."

ఆమె లోపల పాత గొంతొకటి ఎంతో ఆప్యాయంగా, ఇంకో రోజు వద్దాంలే అంది. ఇంత మంచి సాకు మళ్ళీ దొరకదు. ఆమె చూపు తలుపు మీదికి పోయింది.

ఆ చూపు సర్వేయరుకి అందలేదు. అత్తగారికి అందింది.

"చెడగొట్టింది నేను. ఆ పిలిచేదేదో నన్నే పిలువు తల్లీ."

"ఇదివరకెప్పుడైనా చేయించారా?"

"అరవై ఆరేళ్ళొచ్చాయి, నాకెందుకు? నాకేం రోగం..." అని కోడలి వంక చూసి ఆగిపోయింది.

"పౌడరు రాసుకున్నారా?"

"ఈ వయసులో నాకు పౌడరేంటి."

అక్కడి డాక్టరమ్మ మాట్లాడి సరేనన్నాక ఆవిడ లోపలికి వెళ్ళింది. కోడలు కుళాయి దగ్గర మెడ కడుక్కుంటుంటే భర్త తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. ఆయన సర్వీసులో అదే మొదటిసారి.

అత్తగారు జాకెట్టు సర్దుకుంటూ బయటికొచ్చింది. "ఇంతేనా? పెట్టె నిండా బట్టలు కుక్కి మూత నొక్కినట్టుంది, అనుకునేలోపు వదిలేశారు. వెళ్ళు. నేను తలుపు దగ్గరే కూర్చుంటా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే వెళ్ళింది.

రెండు రోజులకు ఇద్దరివీ బాగున్నాయని ఫోను వచ్చింది. మళ్ళీ ఎప్పుడు రావాలో కూడా చెప్పారు.

మళ్ళీ పరీక్షకు చెప్పిన ఆ రోజు వచ్చినప్పుడు, ఉదయం ఇంట్లో ఎవరూ పౌడరు రాసుకోలేదు, ఆయనతో సహా.