రెండు టైర్లు, ఇరవై రెండు చుట్లు

గోదావరిఖనిలో బొగ్గుబాయి షిఫ్టును చూసుకునే ఓవర్‌మెన్ సామ్యేల్ ఆ సోమవారం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున ఐదున్నరకు కారు తీయాలి. రెండు టైర్లలో ఏది మంచిదో తేల్చాలి. ఏడింటికల్లా మొదటి షిఫ్టుతో బాయి దిగాలి. ఇందులో ఎవరి జోలికైనా పోయాడా? పోలేదు. అయినా బుధవారం నాటికి మూడు వందల మంది పని ఆగిపోయింది, ఆయన పేరు మీద ఛార్జిషీటు టైపయింది, ఆయన ఆత్మ కోసం ఇంట్లో ప్రత్యేక ప్రార్థన కూడా జరిగిపోయింది. కారుకు టైర్లు కొనుక్కోవడం ఇంత నేరమని ఎవరికి తెలుసు?

కారంటే వైభవమేమీ కాదు. వరంగల్లో ఒక కాంట్రాక్టరు వదిలించుకున్న పాత ల్యాండ్‌మాస్టర్. డెబ్భై నాలుగో సంవత్సరం వానాకాలం వచ్చేసరికి దాని వెనక టైర్లు రెండూ అరిచేతుల్లా నున్నబడ్డాయి. పోయిన ఆదివారం భార్య సుసన్నాతో చర్చికి పోతుంటే బండి తడి రోడ్డు మీద జారి, గిర్రున తిరిగి, వచ్చిన దారినే చూస్తూ నిలబడింది. ఇక కొనక తప్పదనుకున్నాడు.

చౌరస్తాలో టైర్ల దుకాణాలు రెండే ఉన్నాయి, అవీ ఎదురెదురుగా. ఒకటి అస్గర్‌ది, రెండోది అతని బావమరిది వజీర్‌ది. బావా బావమరుదులకు రెండేళ్ళుగా మాటల్లేవు. ఒకరికొకరు చెప్పాల్సిన తిట్లన్నీ గిరాకీలతోనే చెప్పి పంపుతారు. అస్గర్ అమ్మేది నెమలి మార్కు. మెత్తటి రబ్బరు, సన్న సన్న గాడులు. వానలో బ్రేకేస్తే ఉన్నచోటే పట్టుకుని కూర్చుంటుందని అతని మాట. వజీర్ అమ్మేది గెండా మార్కు. మీద ఖడ్గమృగం బొమ్మ, వేలు పట్టేంత లోతు గాడులు, రాయిలాంటి రబ్బరు. ఐదేళ్ళు తిరిగినా అరగదని అతని మాట.

“అది ఎడ్లబండికి మంచిగుంటది సాబ్,” అన్నాడు అస్గర్ గెండాను చూపించి.

“నెమలిది టైరా సార్? పిల్లలు పెన్సిల్ గీతలు తుడుచుకునే రబ్బరు. రాసుకుంట పోతది, ఇల్లు చేరేసరికి అయిపోతది,” అన్నాడు వజీర్.

ఒకరు చెప్పారని నమ్మడం సామ్యేల్‌కు చేతకాదు. బాయి లోపల పైబండను కర్రతో కొట్టి, శబ్దం విని గాని దాని కింద మనిషిని నిలబెట్టడు. అందుకని ఇద్దరితోనూ ఒక ఒప్పందం చేసుకున్నాడు. చెరొక టైరు ఎనిమిది రోజులు పరీక్షకివ్వాలి. ఓడిన టైరు వాపసు పోతుంది, గెలిచినదానికి జత కొంటాడు. ఎడమ పక్క నెమలి, కుడి పక్క గెండా ఎక్కాయి.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో ఆయనకు టైర్ల ఫికరు ఒక్కటే కాదు. బాయి లోపల నాలుగో లెవెల్లో పైబండ శబ్దం బాగా లేదు. కొడితే ఖంగుమనాల్సిన బండ డొల్ల పలుకుతోంది. దాని కింద షిఫ్టుకు అరవై మంది పనిచేస్తారు. కప్పుకు ఊతంగా నూట యాభై కర్రలు కావాలని సామ్యేల్ ఓవర్‌మెన్ రిపోర్టు పుస్తకంలో రోజూ రాస్తున్నాడు. మేనేజరు రోజూ కింద సంతకం చేస్తున్నాడు. ఎన్ని కర్రలు వచ్చాయి? పన్నెండు. అందులో మూడు వంకరవి. పడితే బండ ఎవరి మీద పడుతుందోనని సామ్యేల్‌కు అన్నం సహించడం లేదు. ఇక్కడ తన చేతిలో ఏమీ లేదు, కనీసం టైర్ల సంగతైనా తన చేతిలో ఉందనుకున్నాడు పాపం.

పరీక్షకు చోటు కావాలి. గోదావరిఖని రోడ్లన్నీ బొగ్గు లారీలు తినేసిన గుంతలు. గుంత లేని తారు రోడ్డు ఒక్కటే ఉంది, బాయి మొగదల ఆఫీసర్ల జీపులు తిరగడానికి గుండ్రంగా వేసింది. ఆ గుండ్రం నడుమ మైసమ్మ గద్దె ఉంది. ప్రతి మనిషీ బాయి దిగే ముందు ఆ తల్లికి దండం పెట్టుకునే దిగుతాడు. రోడ్డు కోసం పోయినవాడికి నడుమ ఏముందన్నది ఎందుకు పడుతుంది? సామ్యేల్ కంటికి తారు కనబడింది, అంతే.

వంపులో తిరిగేటప్పుడు బయటి పక్క టైరుకే రాపిడెక్కువ. ఒకే వైపు తిరిగితే నెమలికి అన్యాయం జరుగుతుంది. అందుకని న్యాయంగా గద్దె చుట్టూ ఇటు పదకొండు చుట్లు, అటు పదకొండు చుట్లు తిరిగాడు. తడి రోడ్డు మీద పట్టు చూడాలి గనుక గద్దె ముందు రెండు చెంబుల నీళ్ళు పోసి, దాని మీద బ్రేకేశాడు. గాడి ఎంత అరిగిందో చూడడానికి దిగి, గోనెపట్టా పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, అగ్గిపుల్లతో కొలిచాడు. వేడి ఎంతుందో చూడడానికి టైరు మీద అరచెయ్యి పెట్టి, ఆ చేత్తోనే మొహం చెమట తుడుచుకున్నాడు.

ఇదంతా గద్దె ఊడ్చే లస్మవ్వ చీపురు పట్టుకుని నిలబడి చూసింది. డెబ్భై ఏళ్ళ మనిషి, మొగుణ్ణి ఈ బాయిలోనే పోగొట్టుకుంది. మంగళవారం కూడా చూసింది. ఏడింటి షిఫ్టుకు వస్తున్న టింబరు మేస్త్రి సదయ్యను ఆపి తను చూసింది చెప్పింది. సారు నీళ్ళు పోసిండు, మోకరిల్లిండు, పుల్ల ఎలిగించవోయి ఊకున్నడు, బండిని ముట్టి కండ్లకద్దుకున్నడు అని.

“మొక్కు ఉంటదేమో అవ్వా,” అన్నాడు సదయ్య.

“మొక్కయితే ఒక్క దిక్కే తిరుగుతరు బిడ్డా. ఇటు పదకొండు, అటు పదకొండు, నేను లెక్కవెట్టిన. రెండు దిక్కుల తిప్పేది దిష్టికి. బాయి మీద ఏందో కూసున్నది.”

సదయ్య నాలుగో లెవెల్లో పనిచేసేవాడు. ఆ బండ శబ్దం అతని చెవులూ విన్నాయి. వచ్చిన పన్నెండు కర్రలూ నిలబెట్టింది అతనే. ఇక అతనికి వేరే సాక్ష్యమెందుకు? మధ్యాహ్నానికల్లా ఆ మాట మూడు షిఫ్టులకూ పాకింది. సాయంత్రానికి సామ్యేల్ కలలోకి మైసమ్మ వచ్చిందనీ, మూడు రోజులు గడువిచ్చిందనీ మార్కెట్లో కూరగాయలమ్మే వాళ్ళు కూడా చెబుతున్నారు.

చర్చికి చేరడానికి ఆ మాటకు ఇంకో గంట పట్టింది. పాస్టర్ యేసయ్య గొడుగు పట్టుకుని సామ్యేల్ ఇంటికి వచ్చారు. విశ్వాసం నుంచి జారిపోవడం ఎవరికైనా జరుగుతుందని మెత్తగా మొదలుపెట్టారు. సామ్యేల్ టైర్ల సంగతంతా చెప్పాడు, అగ్గిపుల్ల కూడా చూపించాడు. పాస్టర్‌గారు అగ్గిపుల్లను చాలాసేపు చూసి, ప్రార్థన చేద్దాం అన్నారు. భయపడిన సహోదరుణ్ణి ఆదుకోమనీ, ఆ భయానికి కారణమైన బండను ప్రభువే తన చేత్తో పట్టుకోవాలనీ ఇరవై నిమిషాలు ప్రార్థించి వెళ్ళారు.

“టైర్లకోసమైతే మోకాళ్ళ మీద ఎందుకు కూసున్నవయ్యా?” అంది సుసన్నా.

“కూసుంటెనే గాడి కనవడతది.”

“ఆడ కూసునుడెందుకు? మన వాకిట్ల కూసుంటె కనవడదా?”

సామ్యేల్‌కు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేయనివాడు మానేస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా! బుధవారం పంతం కొద్దీ మళ్ళీ వెళ్ళి ఇరవై రెండు చుట్లూ తిరిగాడు. ఈసారి చుట్టూ రెండు వందల మంది చేతులు జోడించి నిలబడ్డారు. ఆయన బ్రేకేసిన చోట ఎవరో కొబ్బరికాయ కొట్టారు.

ఏడింటికి సైరన్ మోగింది. ల్యాంపు రూం ముందు ఒక్కడూ దీపం తీసుకోలేదు. సామ్యేల్ స్టూలెక్కి, తాను టైర్లు పరీక్షిస్తున్నానని గొంతు చించుకుని చెప్పాడు. ఎడమది నెమలి, కుడిది గెండా అని వివరించాడు. అందరూ జాలిగా తలలూపారు. ఆయన ఎంత కాదంటే వాళ్ళకు అంత ఖాయమవుతోంది. చెప్పొద్దని పైనుంచి ఆర్డరు వచ్చిందని ఎవరో గుసగుసగా అన్నారు.

సదయ్య ముందుకొచ్చాడు. “సారు ఏసును నమ్మినోడు. గసొంటి మనిషే మైసమ్మ ముంగట మోకరిల్లిండంటే లోపట ఎంత ఖరాబున్నదో సోంచాయించుండ్రి. మేం దిగం సారూ. నువ్వు మా పానం కోసం ఇజ్జత్ పోగొట్టుకున్నవు. మాకు సమజైంది.”

అవతలివాడు దండం పెడుతుంటే ఏమని తిడతాం? సామ్యేల్ స్టూలు దిగాడు.

ఎనిమిదింటికి మేనేజరు జీపు వచ్చింది. మూఢనమ్మకాలు రెచ్చగొట్టి పని ఆపించినందుకు ఛార్జిషీటు అప్పటికే టైపు చేయించి తెచ్చాడు. సామ్యేల్‌ను తన ఆఫీసు గదికి పిలిపించి, సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే సస్పెన్షన్ అన్నాడు.

“చదువుకున్నవారు, ఓవర్‌మెన్. సిగ్గుగా లేదటండీ?” అన్నాడు.

సామ్యేల్ రిపోర్టు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పేజీ తర్వాత పేజీ తిప్పాడు. ప్రతి పేజీలో నాలుగో లెవెల్, ప్రతి పేజీలో నూట యాభై కర్రలు, ప్రతి పేజీ కిందా మేనేజరు సంతకం.

“యాభై రెండు దినాలు రాసిన సార్. ఒక్క మనిషి ఆగలే. మూడు దినాలు కారు తిప్పిన, బాయి ఆగింది. సిగ్గు నాకుండాల్నా?”

ఇంతలో మేనేజరు బల్ల మీది ఫోను మోగింది. పై ఆఫీసు వాళ్ళు. బొగ్గెందుకు రావడం లేదని అడిగారు. కనుక్కుంటున్నామన్నాడు. గంటకోసారి అడిగారు. పదకొండింటికి, పని ఆగడానికి కారణం రాతపూర్వకంగా పంపమన్నారు. దానికొక ఫారం ఉంది. అందులో కారణం అనే గడి ఉంది.

ఆ గడి ముందు మేనేజరు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. మైసమ్మ అని రాయడానికి లేదు. పై ఆఫీసులో నవ్విపోతారు. ఓవర్‌మెన్ టైర్లు అని రాస్తే ఇంకా నవ్వుతారు. కార్మికుల భయం అని రాస్తే, దేనికి భయం అని మళ్ళీ ఫోను చేస్తారు. పెన్నులో సిరా ఆరిపోయింది. ఎదురుగా బల్ల మీద సామ్యేల్ పుస్తకం తెరిచే ఉంది. ఆ ఫారంలో పట్టే కారణం ఆ గదిలో అదొక్కటే. నాలుగో లెవెల్ పైబండ డొల్ల, కర్రల కొరత అని మేనేజరు తన చేతులతో తానే ఎక్కించాడు. జీవితంలో మొదటిసారి ఆయన ఆ రిపోర్టు చదివాడని చెప్పుకోవాలి.

అలా రాసి పంపాక భద్రతాధికారి రాక తప్పదు. రెండింటికి వచ్చాడు. సామ్యేల్‌ను వెంటబెట్టుకుని నాలుగో లెవెల్‌కు దిగి, కర్రతో బండను కొట్టాడు. మొదటి దెబ్బకు మొహం చిట్లించాడు. రెండో దెబ్బకు ఆగాడు. మూడో దెబ్బ కొట్టకముందే, నాలుగు గజాల అవతల, సదయ్య రోజూ కూర్చుని సద్ది తినే చోట నులక మంచమంత బండ ఊడి పడింది. భద్రతాధికారి పైకి రాగానే నూట యాభై కర్రల కాగితం మీద సంతకం పెట్టాడు. చీకటి పడకముందే మూడు లారీల కర్రలు దిగాయి. సదయ్య తన మనుషులతో రెండు రోజులు వాటిని నిలబెట్టాడు. శనివారం అరవై మందీ నాలుగో లెవెల్‌కు దిగారు, అరవై మందీ పైకి వచ్చారు. పని ఆగడానికి కారణం బండేనని కంపెనీకి రాసిచ్చాక ఓవర్‌మెన్‌ను ఏమని శిక్షిస్తారు? ఛార్జిషీటు మేనేజరు సొరుగులోకి పోయింది.

సామ్యేల్‌కు సంతోషం కలగలేదని కాదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. కానీ ఆదివారం వచ్చేసరికి మంట మళ్ళీ రాజుకుంది. బాయిని మైసమ్మ కాపాడిందని లస్మవ్వ చెప్పింది. మంగళవారం నాటి ప్రార్థన ఫలించిందని పాస్టర్‌గారు చర్చిలో చెప్పారు. యాభై రెండు పేజీలు రాసిన చెయ్యి గురించి ఒక్కరూ, మాటవరసకైనా ఒక్కరూ అనలేదు.

టైర్ల సంగతంటారా? శనివారం బాయి దిగేముందు కార్మికులు ఆ రెండింటికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, కింద నిమ్మకాయలు పెట్టారు. పరీక్ష తేలలేదు గనుక రెండింటినీ ఇచ్చేద్దామని సామ్యేల్ ముందు గెండాను వాపసు ఇవ్వబోతే వజీర్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. అరవై మంది పానం కాపాడిన టైరు, వాపసు తీసుకుంటే తన దుకాణానికి బర్కత్ ఉండదు, కలిసి రాదన్నాడు. నెమలి గురించి అస్గర్ కూడా అదే మాటన్నాడు. రెండేళ్ళలో బావా బావమరుదులు ఏకమైంది ఆ ఒక్క మాట మీదే. ఇప్పుడు కారు వెనక ఒక పక్క నెమలి, ఒక పక్క గెండా. బ్రేకేస్తే ఒకటి కూర్చుంటుంది, రెండోది పోతుంది. రెండింటిలో ఏది మంచిదో సామ్యేల్‌కు ఈనాటికీ తెలియదు. తేల్చుకుందామంటే కారు ఆ తారు రోడ్డెక్కించడానికి సుసన్నా ఒప్పుకోదు.

మేనేజరు మాత్రం కొంచెం మారాడు. రిపోర్టు పుస్తకం చదవడం మొదలుపెట్టలేదు గాని, ఓవర్‌మెన్ కారు ఎక్కడ ఆగి ఉందో రోజూ పొద్దున్నే కనుక్కుంటున్నాడు.