ఏమీ లేని నొప్పి

ఆ గురువారం పొద్దున్న వుకోసావా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆసుపత్రికి వెళ్ళాలి, నీష్ నగరంలో ఉన్న నొప్పుల విభాగానికి డాక్టర్ గ్రూయిచ్ చేత చీటీ రాయించుకోవాలి, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి తన సెలూన్ తెరవాలి. సాయంత్రం ఒక పెళ్ళికూతురికి తల అలంకరించాలి. భర్త స్రేతెన్ తెల్లవారకముందే గాలం భుజాన వేసుకుని తిమోక్ నదికి వెళ్ళిపోయాడు. రైల్వేలో రిటైరైన దగ్గర్నుంచి ఆయనకి చేపలే చుట్టాలు.

చీటీ రాయించుకోవడమంటే మాటలు కాదు. కొన్నేళ్ళ క్రితం ఆమె కుడి భుజం రెక్క కింద మొదలైన నొప్పి, నడుం మీదుగా తుంటిలోకి దిగి అక్కడే కాపురం పెట్టింది. పొద్దున సలుపు, మధ్యాహ్నం పోటు, రాత్రి మంట. తీయించని ఎక్స్‌రే లేదు, ఇవ్వని రక్తం లేదు. రిపోర్టులు మాత్రం ప్రతిసారీ కడిగిన ముత్యంలా వచ్చేవి. ఒక డాక్టరు నరాలన్నాడు. ఒకడు వయసన్నాడు. ఇంకొకడు కిటికీ, తలుపు ఒకేసారి తెరిచి ఎదురుగాలికి కూర్చుని ఉంటావని ఆమెనే తప్పుపట్టాడు. గ్రూయిచ్ అయితే కుర్చీలోంచి లేవకుండానే, "ఏమీ లేదమ్మా. ఎంత బాగున్నారో వెళ్ళి అద్దంలో చూసుకోండి!" అనేవాడు.

అద్దం ముందు నిలబడటమే ఆమె వృత్తి. ఊళ్ళో ఆడవాళ్ళ తలలన్నీ సింగారించే మనిషి తాను చింపిరి జుట్టుతో తిరిగితే కొట్టుకి ఎవరొస్తారు? ఆ సంగతి డాక్టరుకి తట్టదు. ఇంట్లో స్రేతెన్ అయినా తనవైపు ఉన్నాడా అంటే అదీ లేదు. "ఏమీ లేదంటున్నారుగా వుకా, సంతోషించాలి గానీ ఏడుస్తావేం?" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి నొప్పి కంటే కోపం ఎక్కువగా సలిపేది.

కాఫీకి వచ్చిన పక్కింటి మిలుంకా ఆమెని ఎగాదిగా చూసింది.

"ముందు ఆ లిప్‌స్టిక్ తుడిచెయ్. పేరంటానికి వెళ్తున్నట్టు వెళ్తే నొప్పంటే ఎవడు నమ్ముతాడే?"

"నాకు నొప్పి భుజంలో. మూతిలో కాదు."

"డాక్టర్లు భుజం చూడరు, మొహమే చూస్తారు. ఏడవని బిడ్డకి పాలెవరిస్తారు? ఉండు, మా అత్తగారి కోటు తెస్తాను."

కోటుతోపాటు తలగుడ్డ, చేతికర్ర కూడా వచ్చాయి. కోటు నలుపు, తలగుడ్డ నలుపు, కర్ర కూడా నలుపే. అద్దంలో చూసుకుని వుకోసావా ఉలిక్కిపడింది. "ఒళ్ళంతా మంటలుంటే మంటలని చెప్పుకోడానికి వేషం కట్టాలా? ఇదెక్కడి న్యాయమే?" అంది.

"న్యాయం తర్వాత. బస్సు వెళ్ళిపోతుంది," అంది మిలుంకా.

బస్టాపు పక్కనే సవేతా కొట్టు. పెళ్ళికైనా చావుకైనా పూలు అక్కడే. చెట్లకీ స్తంభాలకీ అంటించే చావు ప్రకటనలు కూడా అక్కడే అచ్చు వేస్తారు. సొంత తల్లి పోయినప్పుడు కూడా పెదాలకి రంగు లేకుండా బయటికి రాని వుకోసావా, నిలువెల్లా నల్లగా కర్ర పోటేసుకుంటూ రావడం చూసి సవేతా చేతిలో చామంతులు జారిపోయాయి.

"అక్కా! ఏమిటిది? ఎప్పుడు జరిగిందే?"

నొప్పి గురించి ఇంత ఆత్రంగా అడిగిన మనిషి ఈ మధ్యకాలంలో లేదు. వుకోసావా మనసు కరిగింది. "ఎప్పటినుంచో ఉన్నదే సవేతా. రాత్రి మరీ ఎక్కువైంది."

"అయ్యో! డాక్టర్లేమన్నారు?"

"ఏమంటారు? చెయ్యాల్సిందంతా చేశాం, ఇక మా చేతుల్లో ఏం లేదన్నారు."

"మరి... స్రేతెన్ బావ?"

"ఆయనకేం! తెల్లారకముందే వెళ్ళిపోయాడు. ఇంట్లో నేనేమైపోతే ఆయనకెందుకు?"

సవేతా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "కష్టపడకుండా వెళ్ళాడా, పాపం?"

"కష్టమా? ఈల వేసుకుంటూ వెళ్ళాడు!"

"ఈల వేసుకుంటూనా!" సవేతా శాలువా కొసతో కళ్ళు ఒత్తుకుంది. "అలాంటి వెళ్ళడం ఎంతమందికి దొరుకుతుంది! నువ్వేం దిగులు పడకక్కా. అన్నీ నేను చూసుకుంటాను."

ఏం చూసుకుంటుందో అడిగేలోపు బస్సు వచ్చేసింది. ఎంత మంచి పిల్ల, తన బాధకి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అనుకుంటూ వుకోసావా బస్సెక్కింది.

ఆసుపత్రిలో ఆ రోజు వింతలు జరిగాయి. మామూలుగా అయితే ఆ వరండాలో బెంచీ మీద జానెడు చోటు కోసం జనం కొట్టుకు చస్తారు. ఆమెను చూడగానే మగవాళ్ళు టోపీలు తీసి లేచి నిలబడ్డారు. నర్సు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని, "మీరు లోపలికి వెళ్ళండమ్మా," అంది. మిలుంకా మాట నిజమేనని వుకోసావాకి అర్థమైంది. దాంతోపాటు కడుపు రగిలిపోయింది. ఇన్నేళ్ళూ చక్కగా దువ్వుకున్న జుట్టుతో నిజం చెబితే ఒక్కడూ వినలేదు. ముసలమ్మ కోటు చెబితే ఆసుపత్రంతా వింటోంది!

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. సవేతా చేసిన ఫోన్ల పుణ్యమా అని, బస్సు కంటే ముందే స్రేతెన్ మరణవార్త ఆసుపత్రికి చేరిపోయింది. అంతకు కొద్దిరోజుల ముందే డాక్టర్ గ్రూయిచ్ అదే స్రేతెన్‌ను పరీక్షించి, వీపు మీద చరిచి, "ఎద్దులా ఉన్నావు, ఏమీ లేదు పో!" అని పంపించాడు. ఇప్పుడాయన మొహం గోడకేసిన సున్నంలా ఉంది.

"కూర్చోండమ్మా," అని తనే లేచి కుర్చీ లాగాడు.

వుకోసావా దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలు ఒక్కసారిగా కుమ్మరించింది. "ఏమీ లేదు, ఏమీ లేదు అన్నారు. చూడండి, చివరికి ఏ గతి పట్టిందో!"

"అమ్మా, మేమూ మనుషులమే. ఒక్కోసారి పైకి ఏమీ తెలియదు..."

"తెలియకపోతే తెలియదని చెప్పండి! లేదని ఎందుకు చెబుతారు? తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరు కాదూ?"

"వేరేనమ్మా, వేరే," అన్నాడు డాక్టరు చెమట తుడుచుకుంటూ.

"నేనిక ఊరుకోను. నీష్ వెళ్తాను. అక్కడా తేలకపోతే బెల్‌గ్రేడ్ వెళ్తాను. ఎంత పైదాకా వెళ్ళాలో అంతదాకా వెళ్తాను!"

ఫిర్యాదు సంగతేనని గ్రూయిచ్ అనుకున్నాడు. "అంతదూరం ఎందుకమ్మా? మీకేం కావాలో చెప్పండి, నేనిక్కడే చేసి పెడతాను."

"నీష్ నొప్పుల విభాగానికి చీటీ కావాలి."

చీటీయేనా అన్నట్టు ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. కాగితం తీశాడు. తీసి, బహుశా భయంతోనే కావచ్చు, ఎన్నడూ అడగని ప్రశ్న అడిగాడు. "నొప్పి ఎలా ఉంటుందో చెప్పండి."

వుకోసావా చెప్పింది. కత్తెర పట్టుకున్న చెయ్యి మధ్యలో ఎలా మొద్దుబారిపోతుందో, పక్క మీద ఒత్తిగిలడానికి ఎలా ధైర్యం కూడగట్టుకోవాలో, నవ్వుతూ జుట్టు కత్తిరిస్తూ లోపల పళ్ళెలా బిగబట్టుకుంటుందో అన్నీ చెప్పింది. డాక్టరు మధ్యలో అడ్డు రాలేదు. చెబుతుంటే ఆమెకే ఏడుపొచ్చింది. ఆయన మంచినీళ్ళిచ్చి, కాగితం రెండు పక్కలా నింపి, ముద్ర కొట్టి, గుమ్మం దాకా సాగనంపాడు.

చీటీ గుండెలకి హత్తుకుని వుకోసావా ఊళ్ళో బస్సు దిగింది. దిగగానే ఎదురుగా లిండెన్ చెట్టు మానుకి కొత్తగా అంటించిన చావు ప్రకటన కనబడింది. నల్ల అంచు, శిలువ, కింద స్రేతెన్ ఫోటో. చేపలు పట్టేవాళ్ళ సంఘం గోడ మీది ఫోటో అది. పట్టుకున్న చేపని కత్తిరించేశారు గానీ తోక మాత్రం భుజం మీద అలాగే ఉండిపోయింది. "అనుకోకుండా, ప్రశాంతంగా, ఈల వేస్తూ మమ్మల్ని విడిచి వెళ్ళాడు," అని రాసి ఉంది.

నదిలో జారిపడ్డాడా? పొద్దున తను నిద్ర నటిస్తూ అటు తిరిగి పడుకుంది, వెళ్ళొస్తానంటే పలకను కూడా లేదు. కర్ర ఎక్కడ పడేసిందో తెలియదు. తుంటిలో నిప్పులు పోస్తున్నా వినిపించుకోకుండా ఇంటివైపు పరిగెత్తింది.

ఇంటి ముందు నల్లబట్టల జనం. వంటపాత్రలు, సమాధి మీద పెట్టే చామంతి పూల చక్రాలు, చావింటికి తెచ్చే తియ్యటి ఉడికించిన గోధుమల పళ్ళేలు. జనమంతా ఒక పక్కకి ఒదిగిపోయి దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నారు. మధ్యలో గాలం విసిరేసి, బకెట్ బోర్లా పడేసి, చేపలు గడ్డి మీద ఎగురుతుంటే, మోకాళ్ళ మీద కూలబడి స్రేతెన్ గుండెలు బాదుకుని ఏడుస్తున్నాడు.

"నొప్పి నొప్పి అని మొత్తుకుందిరా! ఏమీ లేదన్నానురా! ఒక్కసారన్నా నమ్మకపోతినే!"

నది నుంచి వచ్చి, ఇంటి ముందు చావు జనాన్ని చూసి, పోయింది పెళ్ళామేనని అనుకున్నాడతను.

"స్రేతెన్!"

అతను తల తిప్పాడు. "వుకా! నువ్వు బతికే ఉన్నావా?"

"నువ్వు బతికే ఉన్నావా?"

ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. "అబ్బా, భుజం!" అందామె. నిప్పు తగిలినట్టు అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి అలా వెనక్కి వెళ్ళడం ఆమె మొదటిసారి చూసింది.

పాపం, చచ్చినవాడు బతికినందుకు జనం సంతోషించాలి. కానీ సంతోషం కాసేపే. ఆ తర్వాత అందరికీ ఒళ్ళు మండింది.

"ఇన్ని చక్రాలు కట్టాను! ఇవన్నీ ఇప్పుడెవరికి పెట్టను?" అంది సవేతా.

"బతికున్న మొగుడికి నల్లకోటు వేసుకుంటావా?" అంది ఒక ముసలమ్మ. మిలుంకా తనిచ్చిన కోటు వంక చూడకుండా గోధుమల పళ్ళెం వంకే చూస్తూ నిలబడింది.

"పైగా నొప్పట! ఇప్పుడే కదా మేకపిల్లలా గెంతుకుంటూ వచ్చింది!"

సరిగ్గా అప్పుడే డాక్టర్ గ్రూయిచ్ చావు పూలు పట్టుకుని గేటు తోసుకుని వచ్చాడు. స్రేతెన్‌ను చూశాడు. పూలు చూసుకున్నాడు. మొహం రంగు మారిపోయింది.

"అంటే, ఆయన చావలేదా? నన్ను మోసం చేశారన్నమాట! ఆ చీటీ ఇలా ఇవ్వండి!"

వుకోసావా తలగుడ్డ లాగి పారేసింది.

"ఇవ్వను. చీటీలో ఎవరి నొప్పి రాశారు? నాదా, ఆయన చావుదా? నేను మీకు అబద్ధం ఒక్కటి చెప్పలేదు. నా మొగుడు చచ్చాడన్నానా? నొప్పి అన్నాను. ఎన్నేళ్ళుగానో అదే అంటున్నాను. నొప్పంటే ఒక్కరూ కాఫీ కూడా ఇవ్వలేదు, చచ్చాడనుకుంటే ఊరంతా వంటలు మోసుకొచ్చారు! అవును, పరిగెత్తాను. మొగుడు పోయాడంటే పరిగెత్తనా? దానికి రేపు మంచం మీద నేనే ఏడుస్తాను, మీరెవ్వరూ చూడరు. కనపడని చోట నొప్పి లేదనుకుంటే, డాక్టరుగారూ, మీరు వెళ్ళిపోయాక మీరూ లేనట్టేనా?"

గడ్డి మీద ఒక చేప టపటప కొట్టుకుంది.

మొదట తిట్టిన ముసలమ్మే నోరు విప్పింది. "మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను డాక్టరూ. నా మోకాలు సంగతేమిటి? వయసన్నావు. రెండో మోకాలికీ అదే వయసు కదా, అది నొప్పి లేదేం?"

"నా తలనొప్పికి నరాలన్నారు," అంది సవేతా.

"నా కడుపులో మంటకి పెళ్ళి చేసుకోమన్నారు," అంది పోస్టాఫీసు పిల్ల.

డాక్టరు గేటువైపు చూశాడు. గేటు దగ్గర చామంతి చక్రాలు అడ్డంగా ఉన్నాయి. వాటి ముందు స్రేతెన్ నిలబడి ఉన్నాడు.

"కూర్చోండి డాక్టరుగారూ," అన్నాడు స్రేతెన్ గ్లాసులో రాకియా సారా పోస్తూ. "నా చావుకి వచ్చారు, ఉత్త నోటితో పంపిస్తానా? ఒక్కొక్కరూ రండమ్మా, తోసుకోకండి. పెద్దవాళ్ళు ముందు."

ఆ సాయంత్రం పొద్దుపోయేదాకా డాక్టర్ గ్రూయిచ్ ఉడికించిన గోధుమలు తింటూ ఊరి నొప్పులన్నీ విన్నాడు. ఒక్కసారి మాత్రం అలవాటుగా "ఏమీ లే..." అనబోయి, స్రేతెన్ మొహం చూసి మింగేశాడు. పెళ్ళికూతురు కూడా అక్కడికే వచ్చి, చావు పూల మధ్య కుర్చీ వేసుకుని తల అలంకరింపజేసుకుంది.

కొన్ని వారాల తర్వాత మొగుడూ పెళ్ళాం నీష్ వెళ్ళారు. వుకోసావా లిప్‌స్టిక్ వేసుకునే వెళ్ళింది. అక్కడి లేడీ డాక్టరు కాగితాలు పక్కన పెట్టి, ముందు వేళ్ళతో భుజం, నడుం, తుంటి నిదానంగా నొక్కి చూసింది. చాలాసేపు ప్రశ్నలడిగింది. "ఎందుకొచ్చిందో నాకూ కచ్చితంగా తెలియదమ్మా," అంది చివరికి. "కానీ ఉంది. పూర్తిగా పోతుందని మాటివ్వలేను, తగ్గించడానికి మాత్రం దారులున్నాయి. మొదలుపెడదాం." వుకోసావా తలూపింది. భర్త ఆమె చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

అప్పుడు డాక్టరమ్మ గ్రూయిచ్ రాసిన చీటీ తీసి, రెండో పక్క చదివి, కనుబొమలు ముడిచింది.

"ఈమధ్యే భర్త పోయారని ఉందే. మరి ఈయనెవరు?"

"ఆ భర్తే," అంది వుకోసావా.

డాక్టరమ్మ చీటీనీ స్రేతెన్‌నీ మార్చి మార్చి చూసింది. "కాగితం ప్రకారం మీరు లేరండీ."

"కాగితాల ప్రకారం ఈవిడకి నొప్పి కూడా లేదు డాక్టరుగారూ," అన్నాడు స్రేతెన్.