జానెడు గుమ్మం

సిస్టర్ల ఆడపిల్లల హైస్కూల్లో పదో తరగతి పూర్తిచేసిన ప్రతి పిల్లా జానెడు వెడల్పున్న గుమ్మంలోంచే బయటికి వెళ్లాలి. బడి కట్టించిన మదర్, ఆడపిల్ల ఎంత ఉంటే చాలో అంచనా వేసి పెట్టించిన గుమ్మం అది. గోడ కూలి మళ్లీ కట్టినా కొలత మారలేదు. పట్టని పిల్లంటూ ఇంతవరకూ లేదు. పట్టనిదేదో అది లోపలే ఉండిపోతుంది, అంతే. నొప్పి ఉండదని ప్రాస్పెక్టస్‌లోనే వేశారు.

జసింతకు మాత్రం భయంతో ముద్ద దిగడం లేదు. త్రోబాల్ జట్టుకు ఆమె కెప్టెన్. ఉన్న ఆస్తల్లా ఆ కుడి భుజమే. జూన్‌లో జిల్లా జట్టుకు ఎంపికలున్నాయి. కిందటేడు పై తరగతి ఫిలోమినా ఇలాగే వెళ్తే గొంతు లోపల ఉండిపోయింది. ఇప్పుడు ఎదురుపడితే చక్కగా తలూపుతుంది. మంచి సంబంధం కూడా కుదిరిందట.

జసింత వెళ్లి వాచ్‌మన్ రాయప్పను పెద్ద గేటు సంగతి అడిగింది.

"అది బిషప్పుగారి కారుకమ్మా. గుమ్మం దాటకపోతే టీసీ ఇయ్యరు. టీసీ లేకుండా ఏ కాలేజీలో చేర్చుకుంటారు?" అన్నాడు జాలిగా.

హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ క్లొతిల్డా ఇంకా మెత్తగా చెప్పింది. "నీ భుజం ఎక్కడికి పోతుంది తల్లీ? స్టోరు గదిలో భద్రంగా ఉంటుంది. ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లొచ్చు. ఇంతవరకూ ఎవరూ రాలేదు. అంటే ఎవరికీ అవసరపడలేదనేగా?"

బడి వదిలే రోజు ప్రార్థన అయ్యాక పిల్లల్ని తెల్లబట్టల్లో వరసగా నిలబెట్టారు. తన వంతు రాగానే జసింత ఊపిరి బిగబట్టి దూరింది. వెనకాల సంచీ దించినట్టు చిన్న చప్పుడైంది. సిస్టర్ ఒకామె వంగి దాన్ని బుట్టలో వేసుకుని, తర్వాతి పిల్లను పిలిచింది.

బయట ఎదురుచూస్తున్న తల్లి శౌరీలమ్మ కూతుర్ని ఎగాదిగా చూసింది. "హమ్మయ్య! అంత భుజమేసుకుని ఎట్టా పడతావోనని హడలిచచ్చాననుకో."

వాళ్ల ఇంటి తలుపు వెడల్పుగానే ఉంటుంది. నాన్న స్కూటర్ దాంట్లోంచే లోపలికి నడిపిస్తాడు. శౌరీలమ్మ మాత్రం ఎప్పట్లాగే తల వంచి, పక్కకు తిరిగి లోపలికెళ్లింది. అమ్మకు నడుంనొప్పి అనుకునేది జసింత, ఇన్నేళ్లూ. అమ్మ చదివింది కూడా ఆ బళ్లోనే.

జసింత కూడా పక్కకు తిరిగింది.

జూన్‌లో అదే బళ్లో ఆరో తరగతిలో చేరబోయే చెల్లెలు, అక్క వచ్చిందని రెండు చేతులూ బార్లా చాపుకుని పరిగెత్తుకొచ్చింది.

"అట్టా రాకూడదే," అంది జసింత. "చేతులు దగ్గరికి పెట్టుకో."