కుర్చీ పురుగుల నివాస ధ్రువీకరణ

2006వ సంవత్సరం కార్తీక మాసంలో, పాల్వంచ అవతలి అడవిలో ఉన్న అటవీ శాఖ విశ్రాంతి భవనం వారి పన్నెండు వెదురు కుర్చీలకు పురుగు పట్టినదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. పచ్చిక మీద వేసుకుని ఆఫీసర్లు టీ తాగే కుర్చీలవి. వానాకాలం నాలుగు నెలలూ రేకుల కొట్టంలో పెట్టి తాళం వేశారు. వాచర్ సీతయ్య తలుపు తీసేసరికి కుర్చీలు తెల్లగా కదులుతున్నాయి. ఒక్కో పురుగు గసగసంత. నా మాటలో సగం తీసేసినా గసగసలో సగం మిగులుతుంది.

పెద్ద ఆఫీసరు రావడానికి పది రోజులే ఉంది. రేంజరు బాబూరావు సౌమ్యుడు. "సీతయ్యా, ఒక్క పురుగు సారు ప్యాంటెక్కినా నీ కొలువు పాయె" అని నెమ్మదిగానే చెప్పాడు. కొలువు పోతే ఆవరణలోని గుడిసె కూడా పోతుంది. సీతయ్య తాత ఆ గుడిసె వేసేనాటికి భవనానికి పునాదైనా తియ్యలేదు. అయితే అది కాగితం మీద లేదు గనుక జరగలేదు.

సీతయ్య భార్య భీమక్క ఆ కుర్చీలు అల్లిన మనిషి. వచ్చి చూసి, "గింతేనా? ఎండల ఏసి యాపాకు పొగ పెడితే పొద్దుగూకేలోపల పోతయ్" అంది. అంటూనే ఒక కుర్చీ బయటికి లాగింది.

చదువుకోనివాళ్లతో ఇదే చిక్కు. బాబూరావు ఓపికగా వివరించాడు.

"ఇది అభయారణ్యం. ఏ జీవిని చంపాలన్నా పర్మిషన్ కావాలె."

"నేనేడ చంపుతున్న సారూ? ఎండ చంపుతది."

"కుర్చీని ఎండలకు ఎవరు తెచ్చిండ్రని అడుగుతరు."

కుర్చీ లోపలికి వెళ్లింది. ఉత్తరం పైకి వెళ్లింది. మూడో రోజే జవాబు: సదరు జీవులు ఎన్ని, ఎన్నాళ్లుగా నివాసమున్నవి, స్థానికుని సాక్ష్యంతో తెలుపవలెను.

పులులను లెక్కపెట్టిన సిబ్బందే భూతద్దాలతో కొట్టంలోకి దిగారు. పులులకంటే ఇవే నయమన్నారు, కనిపిస్తున్నాయి గనుక. రెండు రోజులు లెక్కించి పద్దెనిమిది వేల నాలుగు వందల పదకొండుగా తేల్చారు. అందులో ఒకటి ఎవరి చొక్కా మీదనో చండ్రుగొండ దాకా వెళ్లివచ్చినందున దానిని వలస జీవిగా రాశారు.

నాలుగు నెలలుగా ఇక్కడే ఉంటున్నాయని సీతయ్య సంతకం పెట్టాడు. కొలువు నిలుస్తుందంటే, అవి ఏనుగులని రాసినా పెట్టేవాడే.

పదోనాడు పెద్ద ఆఫీసరు వచ్చారు. పురుగులను చూద్దామని మా ఊరి నుంచి నలభై మందిమి వెళ్లాం. కుర్చీలు ఖాళీ లేనందున వారు పచ్చిక మీద నిలబడే ఉపన్యసించారు.

"కుర్చీలు మన కోసమే పుట్టాయనుకోవడం మన అహంకారం. ఈ చిన్ని ప్రాణులు ఒక్క దరఖాస్తు పెట్టకుండా, నాలుగు నెలలుగా ఈ అడవినే నమ్ముకుని బతుకుతున్నాయి. నమ్ముకున్నవారిని వెళ్లగొట్టే శాఖ కాదు మనది."

చప్పట్లు కొట్టాం. కొట్టం చుట్టూ నూరు గజాలు రక్షిత ప్రాంతమన్నారు. మళ్లీ కొట్టాం. సీతయ్య కొలువు ఖాయం, ఇకమీదట పురుగులకు కాపలా అన్నారు. ఈసారి సీతయ్య కూడా కొట్టాడు.

సీతయ్య గుడిసె కొట్టానికి అరవై గజాల్లో ఉంది. వారంలో ఖాళీ చేయాలని బాబూరావు చెప్పాడు.

"మా తాతప్పటి సంది ఈడనే ఉంటున్నం సారూ" అన్నాడు సీతయ్య.

"కాగితముందా?"

"పురుగులకేం కాగితముంది?" అంది భీమక్క.

"నీ పెనిమిటే సంతకం పెట్టిండు గదమ్మా. మీకు గూడ ఎవరన్న పెడితే నేను రాసుకుంట."

బాబూరావు జేబులోంచి పెన్ను తీసి, మూత కూడా తానే తీసి, పురుగులను చూడ్డానికి వరస కట్టిన మా వైపు చాచాడు. మనిషి చెడ్డవాడు కాడు. మేమందరం సీతయ్యను పుట్టినప్పటి నుంచి ఎరిగినవాళ్లమే. కానీ సరిగ్గా అప్పుడే కొట్టం తలుపు తీశారు. పెన్ను అందుకోవాలంటే వరస వదలాలి. నాది మూడో నంబరు.