ఉద్యోగి క్లాసులో పన్నెండో ప్రాపర్టీ

పదోన్నతుల జాబితాను కంప్యూటరే తయారుచేస్తుంది కనుక పక్షపాతానికి తావు లేదని డైరెక్టరుగారు ఏటా సభలో ప్రకటిస్తారు. ఏటా చప్పట్లు మోగుతాయి. ఈసారి కాస్త పలచబడ్డాయి. ఫైలును తలకిందులుగా పట్టుకుని చదివే గుమాస్తా ఆరేళ్లలో నాలుగు మెట్లెక్కాడు; అతనికి పని నేర్పిన పెద్దావిడ చేరిన కుర్చీలోనే ఉండిపోయింది. రిటైరవడానికి ఏడాదే మిగలడంతో ఆవిడ అర్జీ పెట్టుకుంది. విచారణ ప్రోగ్రామరమ్మ మీద పడింది.

ఈ ప్రోగ్రామరమ్మ ఎవరి దయా లేకుండా పైకొచ్చిన మనిషి. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెబుతుంది.

ప్రోగ్రాములో ఉద్యోగి అనే క్లాసు, అంటే ప్రతి ఉద్యోగి వివరాలకూ అచ్చులాంటిది, ఒకటుంది. పేరు, హోదా, అనుభవం వగైరాలు దాని ప్రాపర్టీలు, అంటే నింపాల్సిన గడులు. కొన్ని ‘ప్రైవేటు’ అని రాసి ఉండి బయటికి కనిపించవు. దాన్ని రాసినవాళ్లు కాగితాలతో సహా ఎప్పుడో వెళ్లిపోయారు. అందుకని ఆమె రిఫ్లెక్షన్ వాడింది. అంటే, నీలో ఏమేం ఉన్నాయని నడుస్తున్న ప్రోగ్రామునే అడిగి చెప్పించడం. మనుషుల్ని అలా అడిగితే ముఖాలు మాడ్చుకుంటారు. క్లాసులు మర్యాదగా చెప్పేస్తాయి.

పదకొండు ఉండాల్సిన చోట పన్నెండు వచ్చాయి. పన్నెండోది ప్రైవేటు. దాని పేరు: ఎవరిమనిషి. అనుభవానికి రెండు మార్కులు, దానికి నలభై. పెద్దావిడ వరుసలో ఆ గడి ఖాళీ.

కమిటీ కూర్చుంది. డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు.

“ప్రైవేటని రాసి ఉన్నదాన్ని తెరిచి చూడటం సభ్యతేనా అమ్మా? పరాయివాళ్ల బీరువా తెరుస్తామా?”

“ఇది బీరువా కాదండీ. పదోన్నతుల లెక్క.”

“కూడికలో తప్పుందా?”

“కూడిక సరిగానే ఉందండీ.”

“రాసుకోండి. తప్పు లేదని తేలింది.”

ఆమె సంతకం పెట్టనంది. అందరి వరుసలూ బయటపెడతానని చెప్పి, విసురుగా తన గదికొచ్చి ప్రోగ్రాము నడిపింది. రెండువందల పేర్లు వరసగా దిగాయి. తన పేరు దగ్గర చూపు ఆగింది. ఆ గడి ఖాళీగా లేదు. ‘కార్యదర్శిగారి మనిషి’ అని, పక్కనే సిఫార్సు తెచ్చినవారిగా తన బాబాయి పేరు ఉన్నాయి.

ఫోను చేసింది.

“బాబాయ్, నా ఉద్యోగం గురించి అప్పట్లో ఎవరికైనా చెప్పావా?”

“చెప్పకుండా ఎలా వస్తుందే పిచ్చిపిల్లా? నీకు తెలిస్తే నొచ్చుకుంటావని మీ నాన్న చెప్పొద్దన్నాడు.”

ఫోను పెట్టేసింది. ముఖం కడుక్కొచ్చింది. వ్యక్తుల గోప్యతను గౌరవించడం నాగరిక సమాజ లక్షణమని అప్పుడే ఆమెకు స్ఫురించింది. ఆ వాక్యాన్ని నివేదికలో మొదటి పేరాగా, ‘ఎవరిమనిషి’ అనే పన్నెండో గడిని ఎవరూ తెరవరాదన్నది రెండో పేరాగా చేర్చి సంతకం పెట్టింది. డైరెక్టరుగారు ఆమె పరిణతిని సభాముఖంగా మెచ్చుకున్నారు.

మర్నాడు పెద్దావిడ నివేదిక పట్టుకుని వచ్చింది. ప్రోగ్రామరమ్మ తల దించుకుంది.

“నా అర్జీ కొట్టేశారుగా.”

“ఏం చెయ్యలేకపోయానండీ.”

“పోనీలే, నాదైపోయింది.” పెద్దావిడ తలుపు దగ్గరికి వేసి, కుర్చీ ముందుకు లాక్కుంది. “మా కోడలు వచ్చే నెల ఇక్కడ చేరుతోందమ్మా. దాని వరుసలో ఆ పన్నెండో గడిలో నీ పేరు రాయించుకోవచ్చా?”